పాఠ మప్పగించుట

మన సంతబొమ్మాళి, ఉద్దానపు గ్రామములనుండి వైద్యవిద్యకు పోయిన పిల్లలను గూర్చి పెద్దలు నన్నడుగుచుందురు: "మావాడు రేయింబవళ్లు పుస్తకము విడువడు, పరీక్షలో జ్ఞప్తికి రాదట. ఏమి చేయవలెను?"

ఇది బుద్ధిలోపము కాదు. ఒకే పుటను పలుమారు చూచినచో అది కంటికి పరిచితమగును. ఆ పరిచయమునే మనస్సు జ్ఞానమని భ్రమించును. 2006లో రోడిగర్, కార్పికె యను అమెరికా పండితులు విద్యార్థులకు చిన్న వ్యాసముల నిచ్చి పరీక్షించిరి. ఐదు నిమిషములకు అడిగినప్పుడు, మరల మరల చదివినవారే మిన్న. వారము గడచునప్పటికి తారుమారయ్యెను: వ్యాసమును ప్రక్కనుంచి, గుర్తున్నది వ్రాసి చూచుకొన్నవారు ముందుకు వచ్చిరి. 2009లో శిక్షణ పొందుచున్న వైద్యులతో జరిపిన శోధనమున ఆరుమాసముల పిమ్మటను ఇదియే ఫలితము. వీథిబడి పంతులుగారు పాఠ మప్పగింపు మన్నది యిందులకే కాబోలు!

ఉద్దానపు మూత్రపిండవ్యాధికి మూలకారణ మింకను నిశ్చయముగా తేలలేదు. ఆ రోగులకై 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి వెలసినది. అట్టిచోట రోగిచెంత నిలిచిన వైద్యునకు పుటలు త్రిప్పు వ్యవధి యెక్కడిది?

ఆంగ్లము రాని పెద్దలును సాయపడవచ్చును. పుస్తకము మూయించి, "మూత్రపిండ మేమి పని చేయును? అది చెడినచో కాళ్లేల వాచును? నాకు తెలియునట్లు తెలుగున చెప్పు, నాయనా" యనుడు. అతడు తడబడిన చోటనే పుస్తకము మరల తెరవవలెను. తక్కినదానిని తిరిగి చదువ నక్కరలేదు. మరునా డొకసారి, వారమున కొకసారి, మాసమున కొకసారి యడుగుడు. పరీక్షకు ముందురాత్రి మాత్రము దీప మార్పించి పండుకొనబెట్టుడు. నేర్చినది కుదురుకొనుటకు నిద్ర కావలెను.