‘హాడ్’కు తోడొచ్చే మాటలు

ఇద్దరు స్నేహితులు గోదావరి ఎక్స్‌ప్రెస్ కోసం ఆదరాబాదరాగా రాజమండ్రి స్టేషన్‌కు పరుగెత్తారనుకుందాం. రాత్రి ఇంటికొచ్చి జరిగింది చెప్పడానికి తెలుగులో ఒక్క ముక్క చాలు: ‘మేం వెళ్లేసరికి అప్పటికే బండి వెళ్లిపోయింది.’ ఇందులో క్రియ మామూలు భూతకాలమే. ఏది ముందో, ఏది తర్వాతో చెప్పే బాధ్యతంతా ‘సరికి’, ‘అప్పటికే’ మోస్తున్నాయి.

ఇంగ్లిష్‌లో ఆ బరువు క్రియ మీద పడుతుంది. ‘వెన్ వి రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ లెఫ్ట్’ అంటే వాళ్లు చేరాక, కళ్లముందే బండి కదిలిందని అర్థం. ‘ద ట్రైన్ హాడ్ లెఫ్ట్’ అంటే వాళ్లు చేరేలోపే వెళ్లిపోయిందని. ‘హాడ్’ తర్వాత క్రియ మూడో రూపం వచ్చే ఈ పాస్ట్ పర్ఫెక్ట్‌కు ‘ఆల్‌రెడీ’ తోడైతే ఇక అనుమానమే ఉండదు.

ఆ ‘ఆల్‌రెడీ’ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే చిక్కు. తెలుగులో ‘అప్పటికే బండి వెళ్లిపోయింది’ అన్నా, ‘బండి అప్పటికే వెళ్లిపోయింది’ అన్నా చెల్లుతుంది. ఆ అలవాటుకొద్దీ చాలామంది ‘ఆల్‌రెడీ ద ట్రైన్ హాడ్ లెఫ్ట్’ అనేస్తారు. విన్నవాళ్లకు అర్థమవుతుంది కానీ, దాని అసలు చోటు ‘హాడ్’కూ ‘లెఫ్ట్’కూ నడుమ: ‘ద ట్రైన్ హాడ్ ఆల్‌రెడీ లెఫ్ట్’. ‘జస్ట్’, ‘నెవర్’, ‘ఆల్వేస్’, ‘ప్రాబబ్లీ’ కూడా సాధారణంగా అక్కడే ఉంటాయి. ‘హాడ్ బీన్’ అని రెండు సహాయక క్రియలు వస్తే మొదటిదాని వెంటే: ‘ద టికెట్స్ హాడ్ ఆల్‌రెడీ బీన్ సోల్డ్’.

తెలుగు మాటకు ఇంగ్లిష్‌లో ఒకే జోడీ దొరకదన్నది మరో పేచీ. ‘అప్పుడే వచ్చేశాడా!’ అని ఆశ్చర్యపోతే అది ‘ఆల్‌రెడీ’. ‘అప్పుడే వచ్చి కూర్చున్నాడు’ అంటే ‘జస్ట్’. ‘ఎప్పుడూ’ ఇంకా గడుసుది. ‘అంతకుముందు సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు’ అనేచోట ‘షి హాడ్ నెవర్ సీన్ ద సీ బిఫోర్’ అనాలి. వ్యతిరేకార్థం ‘నెవర్’లోనే ఉంది కాబట్టి మళ్లీ ‘నాట్’ చేర్చకూడదు. ‘ఇంకా రాలేదు’లోని ‘ఇంకా’కు రెండు దారులు. ‘హీ హాడ్ నాట్ కమ్ యెట్’లో ‘యెట్’ చివరికి పోతుంది. ఎదురుచూపులో విసుగు వినిపించాలంటే ‘హీ స్టిల్ హాడ్ నాట్ కమ్’ అంటూ ‘స్టిల్’ను ‘హాడ్’ కంటే ముందు పెడతారు.

పని ఎలా జరిగిందో చెప్పే మాటలకు స్వేచ్ఛ ఎక్కువ. ‘షి హాడ్ కేర్‌ఫుల్లీ ఫోల్డెడ్ ద సారీ’ అనవచ్చు, ‘కేర్‌ఫుల్లీ’ని చివరకూ జరపవచ్చు. ‘ఫోల్డెడ్’కూ ‘సారీ’కీ మధ్య దూర్చితే మాత్రం చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

‘హార్డ్‌లీ’, ‘నో సూనర్’ వాక్యం మొదట్లో నిలబడితే వరసే తారుమారవుతుంది. ‘హాడ్’ కర్తను దాటి ముందుకొస్తుంది: ‘నో సూనర్ హాడ్ వి సాట్ డౌన్ దేన్ ద లైట్స్ వెంట్ అవుట్’. కూర్చున్నామో లేదో కరెంటు పోయిందన్నమాట. ‘నో సూనర్’కు జత ‘దేన్’. ‘హార్డ్‌లీ’కి జత ‘వెన్’.

పోల్చడానికి రెండో సంఘటన లేనప్పుడు ‘హాడ్’తో పనిలేదు. ‘నిన్న తిరుపతి వెళ్లాను’ అనడానికి ‘ఐ హాడ్ గాన్ టు తిరుపతి యస్టర్‌డే’ అనడం మనదేశంలో తరచు వినిపిస్తుంది. అక్కడ ‘ఐ వెంట్’ సరిపోతుంది.

మళ్లీ ఆ స్నేహితుల దగ్గరికి వెళ్దాం. ప్లాట్‌ఫాం మీద కూలీని అడిగితే ‘ఐదు నిమిషాల కిందటే పోయింది బాబూ’ అన్నాడు. ఆ క్షణం నుంచి వెనక్కి లెక్క కాబట్టి ఇంగ్లిష్‌లో ‘ఇట్ లెఫ్ట్ ఫైవ్ మినిట్స్ అగో’. అదే సంగతిని రాత్రి ఇంట్లో చెప్పేటప్పుడు లెక్క స్టేషన్‌కు చేరిన క్షణం నుంచి మొదలవుతుంది. ‘అగో’ తప్పుకుని ‘ఎర్లియర్’ వస్తుంది, దాంతోపాటే ‘హాడ్’: ‘ఇట్ హాడ్ లెఫ్ట్ ఫైవ్ మినిట్స్ ఎర్లియర్’. తెలుగులో మాత్రం రెండుచోట్లా అదే ‘ఐదు నిమిషాల కిందట’.