జెండా పాట ఒకటి, రైతుకు ముట్టేది ఒకటి

(మా వాణిజ్య విలేఖరి)

బయ్యారం: మిర్చి రైతు బస్తాలు బండికెత్తక ముందే పత్రిక చూస్తాడు. అందులో 'రికార్డు ధర' అని ఉంటే ఆ అంకెను మనసులో పెట్టుకునే యార్డుకు వస్తాడు. కాంటా దగ్గరి తగవులు చాలావరకు అక్కడే పుడుతున్నవి.

2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ మండలపు సరకు ఖమ్మం యార్డుకూ, మానుకోటకూ, వరంగల్ ఏనుమాములకూ పోతుంది. ఖమ్మంలో ముందుగా జెండా పాట జరుగుతుంది. ఆనాటి మేలు సరకుకు ఖరీదుదారులు పెట్టే గరిష్ఠ ధర అది. మిగతా లాట్లకు రంగు, తేమ, తాలు చూసి అంతకు దిగువన బేరాలు సాగుతవి. పత్రికలకు ఎక్కేది మాత్రం తరచు ఆ మొదటి అంకే.

2022 మార్చి సంగతి వర్తకులకు గుర్తుండే ఉంటుంది. ఏనుమాములలో దేశీ మిర్చి క్వింటాలు 50 వేల రూపాయలు దాటింది. పత్రికలు, టీవీలు దానిని బంగారంతో పోల్చినవి. (క్వింటాలునూ తులాన్నీ కలిపి తూచే కాంటా మన యార్డులలో ఇంకా రాలేదు.) ఆ రోజుల్లోనే తేజ రకం అందులో సగం కూడా పలకలేదు. పైగా ధర గట్టిపడటానికి ఒక ముఖ్య కారణం 2021 చివరలో నల్ల తామర పురుగు తోటలను పాడుచేయడం. తోట పోయిన రైతుకు ఆ ధరతో ఒరిగింది లేదు. ఈ ముక్క శీర్షికలో ఇమడదు.

ధర దిగితే అంత సందడి ఉండదు. 2023 జులైలో టమాటా కిలో 100 రూపాయలు దాటినప్పుడు రోజూ వార్తే. సెప్టెంబరులో పడిపోయినప్పుడు అంత చోటు దొరకలేదు. మిర్చి ఎంత మందగించిందంటే, 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ సరకుకు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటించవలసి వచ్చింది.

ఈ విలేఖరి కూడా చోటు లేదని గరిష్ఠ ధర ఒక్కటే పంపిన రోజులున్నవి. నిజానికి కావలసినవి నాలుగే అంకెలు: గరిష్ఠం, కనిష్ఠం, ఎక్కువ సరకు అమ్ముడైన మోడల్ ధర, వచ్చిన బస్తాలు. ఇవి మార్కెట్ కార్యాలయంలో దొరికేవే. తాలు మిర్చి ధర విడిగా వేస్తే, మరునాడు పత్రిక చేతబట్టుకొని వచ్చే రైతుకు అడ్తిదారు చెప్పుకోవలసిన సంజాయిషీ కొంత తగ్గుతుంది.