పాలపుంత అంచున కనిపించని బరువు

ఎండాకాలం రాత్రి డాబా మీద పడుకుంటే కనిపించే పాలపుంత ఊరికే ఉండదు, తిరుగుతుంది. ఎట్ల తిరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కేసి చూడవచ్చు. ఈసారి అదే రాస్తున్నాను.

కళ్ళంలో బంతి కట్టి వడ్లు తొక్కించడం మీరు చూసే ఉంటారు, లేదా తాతలు చెప్పి ఉంటారు. రాట దగ్గరి ఎద్దు మెల్లగా నడుస్తుంది, చివరి ఎద్దు పరుగెత్తాలి. సూర్యుని చుట్టూ గ్రహాలు దీనికి తలకిందులు. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పోతుంది. శని సూర్యునికి మనకంటే దాదాపు తొమ్మిదిన్నర రెట్లు దూరం, దాని వేగం 10 కూడా లేదు. బరువంతా నడిమధ్య సూర్యునిలోనే ఉంది గదా, దూరం పోయేకొద్దీ లాగుడు తగ్గుతుంది.

సూత్రం చిన్నదే. లోపలున్న బరువును దూరంతో భాగించి వర్గమూలం తియ్యాలి. వేగం దాన్నిబట్టి ఉంటుంది. దూరం 9 రెట్లయితే వేగం మూడో వంతు. వర్గమూలాలు మన లెక్కల పుస్తకంలోవే, భయపడొద్దు.

గెలాక్సీలో వెలుగు ఎక్కువగా నడుమనే ఉంది. వెలుగు అంచు దగ్గర వేగం 200 అనుకుంటే, నాలుగు రెట్ల దూరంలో 100 ఉండాలి. కాని 1970లో అమెరికాలో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిస్తే, అంచులకు పోయినా వేగం అంతగా తగ్గలేదు. (మనవైపు వచ్చేదాని వెలుగు నీలంవైపు, దూరం పోయేదాని వెలుగు ఎరుపువైపు జరుగుతుంది. దాన్నిబట్టి కొలుస్తారు.) రూబిన్ గారు 1965లో పాలోమార్ వేధశాలకు పోతే అక్కడ ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కూడా లేదంట. హాస్టల్ వాళ్ళకు ఆ బాధ వేరే చెప్పాలా!

ఇక కంప్యూటర్. గళ్ళల్లో మూడు వరసలు పెట్టాలి: దూరం, లోపలి బరువు, వేగం. బరువు 1, దూరం 4 అయితే వేగం సగం, గీత కిందికి పడిపోతుంది. బరువు కూడా 4 చేస్తే? నాలుగును నాలుగుతో భాగిస్తే 1, వేగం మళ్ళీ 200. గీత చదునుగా నిలబడుతుంది. అంటే కనిపించే ఒక వంతుకు కనిపించని మూడు వంతులు కలపాలి. దీన్నే కృష్ణ పదార్థం అంటారు. పెద్ద శాస్త్రవేత్తలు లక్షల చుక్కలు పెట్టి ఒక్కోదాని లాగుడు లెక్కేయిస్తారు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సాలే మహమ్మద్ అల్లాదీన్ గారు, రెండు గెలాక్సీలు గుద్దుకుంటే ఏమవుతుందో 1965లోనే లెక్కకట్టి ప్రచురించారు.

మా క్లాసులో ఒకామె అడిగింది, "జవాబు ముందే చూసి లెక్క దిద్దినట్టు కాదా?" అని. ఇదొక్క లెక్కే ఉంటే నేనూ ఔననేదాన్ని. కాని 1933లోనే ఫ్రిట్జ్ జ్వికీ గెలాక్సీల గుంపులో ఇదే కొరత చూశాడు. అట్లాంటి గుంపుల పక్కనుంచి వచ్చే వెలుగు కూడా, కనిపించే బరువుకు మించి వంగుతుంది. మూడు దారుల్లోనూ అదే కొరత. అయినా ఆ పదార్థం ముక్క ఇంతవరకు ఎవరి చేతికీ చిక్కలేదు. అందుకే 1983లో మిల్‌గ్రోమ్ అనే ఆయన, బరువు కలపొద్దు, సూత్రాన్నే మార్చాలన్నారు. నాకు మాత్రం బరువు వెతకడమే సరి అనిపిస్తుంది.

కంప్యూటర్ పీరియడ్‌లో బరువు వరస మార్చి గీత ఎట్ల వంగుతుందో మీరే చూడండి. దూరం గడిలో సున్నా మాత్రం పెట్టొద్దు, కంప్యూటర్ ఒప్పుకోదు.

— తొమ్మిదో తరగతి