నలుపు తెలుపుల్లో చూసిన సింహాలు

1999 వేసవిలో మా మేనమామ కువైట్ నుంచి సెలవు మీద రాజంపేట వచ్చినప్పుడు, రెండు దుప్పట్ల మధ్య చుట్టి ఒక బూడిదరంగు పెట్టె తెచ్చాడు. ప్లేస్టేషన్. దాంతోపాటు ఒక మెమరీ కార్డు, నాలుగు సీడీలు. మూడింట్లో కార్ల పందేలు, కుస్తీలు. నాలుగో సీడీ మీద పెన్నుతో రాసిన పేరు సగం చెరిగిపోయింది. అది పెట్టగానే కవచాలు తొడుక్కున్న సైనికులు దౌడు తీస్తూ వచ్చారు. గుర్రాల మీద వస్తున్నారనుకున్నాం. దగ్గరికొచ్చాక చూస్తే అవి మనిషిని మోసేంత పెద్ద పక్షులు.

అంతా నలుపు తెలుపుల్లోనే. మా టీవీ కలర్ టీవీయే. సీడీ మాత్రం అమెరికా కోసం చేసినది. అప్పట్లో అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. రెంటికీ పొసగక రంగులు ఎగిరిపోయి బొమ్మ ఒక్కటే మిగిలింది. ఈ ఆటలో మన సైనికుడు ఎక్కడిదాకా నడవగలడో నీలం గడులు చూపిస్తాయి, ఎవరిని కొట్టగలడో ఎర్ర గడులు చూపిస్తాయి. మాకు రెండూ ఒకే బూడిద రంగు. నడిపిద్దామని నొక్కి మా వాడినే మేం కొట్టుకున్న రోజులున్నాయి. అప్పుడు నాకు పన్నెండేళ్లు, తమ్ముడికి తొమ్మిది.

ఆ ఆట పేరు ‘ఫైనల్ ఫాంటసీ ట్యాక్టిక్స్’. జపాన్‌లో 1997 జూన్‌లో స్క్వేర్ కంపెనీ విడుదల చేసింది. మరుసటి ఏడాది జనవరిలో ఇంగ్లిష్‌లో వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, 2025 సెప్టెంబరు 30న, ‘ది ఇవాలీస్ క్రానికల్స్’ అన్న కొత్త పేరు చేర్చుకుని మళ్లీ వచ్చింది. నేను సినిమాలకు సబ్‌టైటిల్స్ రాసి బతికేదాన్ని. ఆటల గురించి రాయడం నా పని కాదు. అయినా ఈ ఆట గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

రీమేక్ అంటే మనకు వేరే హీరోతో తీసిన పాత కథ. ఆటల రీమేక్ వేరు. మా అమ్మ అడిగినప్పుడు ‘మాయాబజార్’ను చూపించాను. 1957 నాటి సినిమాకు 2010లో రంగులద్దినప్పుడు కథ మారలేదు, ఎస్వీ రంగారావు మారలేదు. మనం చూసే తీరు మారింది. ఈ ఆటకు జరిగింది దానికి దగ్గరగా ఉంటుంది. ఇంకో అడుగు ముందుకు వేశారు కూడా, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆట ఏమిటో చెప్పాలి. మా తాత గుడి మండపం బండ మీద చెక్కిన గీతల్లో పులిజూదం ఆడేవాడు. మూడు పులులు, పదిహేను మేకలు. ఒకరి తర్వాత ఒకరికి వంతు. మేకలు ఒంటరిగా దొరికితే చస్తాయి, దగ్గరదగ్గరగా నిలబడితే పులినే కట్టిపడేస్తాయి. ట్యాక్టిక్స్ ఆటల మూలసూత్రమూ ఇదే. ఇక్కడా నేల గడులుగా ఉంటుంది, వంతులుంటాయి, ఎవరి పక్కన ఎవరిని నిలబెడతావన్నదే అసలు విద్య. తేడా ఎక్కడంటే, ఈ ఆటలో నేల చదునుగా ఉండదు. మెట్లు, ఇళ్ల కప్పులు, వాగులు, కోటగోడలు ఉంటాయి. డార్టర్ అనే పట్నంలో ఒక విలుకాడు ఇంటికప్పు మీద నిలబడి ఉంటాడు. కింద వీధిలో నిలబడితే వాడి బాణాలకు బలి. వాడి కన్నా పైకి చేరే దారి వెతకాలి. తెలుగులో ఎత్తు అంటే పన్నాగం, ఎత్తు అంటే ఎత్తే. ఈ ఆట గురించి చెప్పేటప్పుడు మన భాష నాకు చాలా సాయం చేసింది.

తిరిగి ఉన్న దిక్కు కూడా లెక్కే. వీపు మీద కొట్టిన దెబ్బ తప్పడం కష్టం. మంత్రం వేస్తే వెంటనే పడదు, చదవడానికి సమయం పడుతుంది. ఈలోగా శత్రువు జరిగిపోవచ్చు, లేదా మన వాళ్ల మధ్యకే వచ్చి నిలబడవచ్చు. ఇరవై వృత్తులున్నాయి. ఒక వృత్తిలో నేర్చిన విద్యను ఇంకో వృత్తిలోకి తీసుకెళ్లవచ్చు. ఒక్కో సైనికుడికీ ధైర్యానికి ఒక అంకె, విశ్వాసానికి ఒక అంకె ఉంటాయి. విశ్వాసం ఎక్కువున్న వాడు వేసిన మంత్రం బలంగా పనిచేస్తుంది. అదే మనిషి మీద శత్రువు మంత్రం వేస్తే అదీ అంత బలంగానే తగులుతుంది. నమ్మేవాడికి నమ్మకం వల్ల వచ్చే బలం, దెబ్బ రెండూ ఒకే చోట నుంచి వస్తాయి. పన్నెండేళ్లప్పుడు దీన్ని ఒట్టి లెక్కగా నేర్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, కథంతా మతం గురించి నడిచే ఆటలో ఆ ఒక్క అంకె ఎంత ఆలోచించి పెట్టారో తెలుస్తుంది.

సైనికుడు పడిపోతే తల మీద మూడు అని అంకె కనిపిస్తుంది. వాడి వంతు వచ్చినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నా అయ్యేలోగా లేపకపోతే స్ఫటికంగానో పెట్టెగానో మారిపోతాడు. ఇక రాడు. డార్టర్‌లో మా విలుకత్తె అలా పోయిన రాత్రి తమ్ముడు అన్నం తినలేదు.

ఈ ఆటకు దర్శకుడు యసుమి మత్సునో. అంతకుముందు 1995లో క్వెస్ట్ అనే కంపెనీలో ‘ట్యాక్టిక్స్ ఓగర్’ చేసి, తన మనుషులు కొందరితో స్క్వేర్‌కు వచ్చాడు. పోరాట పద్ధతి రూపొందించింది హిరోయుకి ఇటో. బొమ్మలు అకిహికో యోషిదావి. ఆయన గీసిన మనుషులకు ముక్కులుండవు. మొదటిరోజు మేం నవ్వుకున్నాం. వారం తిరిగేసరికి ముక్కులేని ఆ ముఖాల్లోనే ఏడుపూ పౌరుషమూ వేరువేరుగా గుర్తుపట్టడం వచ్చేసింది.

కథ ఇవాలీస్ అనే రాజ్యంలో జరుగుతుంది. యాభై ఏళ్ల యుద్ధం ఓటమితో ముగిసింది. జీతాలు అందని సైనికులు దొంగలయ్యారు. రాజు పోయాక పసివాడి పేరుతో ఏలాలని ఒక ప్రభువు, రాకుమారి పేరుతో ఏలాలని ఇంకో ప్రభువు సేనలు తీస్తారు. ఒకరి జెండా మీద తెల్ల సింహం, ఇంకొకరి జెండా మీద నల్ల సింహం. అందుకే అది సింహాల యుద్ధం. మా టీవీలో రంగులు లేకపోయినా ఆ రెండు సింహాలు మాత్రం సరిగ్గా కనిపించాయి.

మధ్యలో ఇద్దరు స్నేహితులు. రామ్జా పెద్దింటి బిడ్డ. డెలీటా అదే ఇంట్లో పెరిగిన పేదవాడు. తల్లిదండ్రులు రోగాన పోతే రామ్జా తండ్రి అతన్నీ, చెల్లెలు టియెట్రానూ చేరదీశాడు. మొదటి అధ్యాయంలో ఒకచోట ఇద్దరూ కూర్చుని గడ్డిపరకను పెదాల మధ్య పెట్టుకుని ఊదుతారు. మేం తాటాకుతో బూర చేసుకున్నట్టే. ఆ తర్వాత టియెట్రాను పెద్దింటి పిల్ల అనుకుని దొంగలు ఎత్తుకుపోతారు. మంచు కురుస్తున్న జీక్‌డెన్ కోట ముందు ఆమెను అడ్డం పెట్టుకుంటారు. రామ్జా సవతి అన్న బాణం వేయమంటాడు. ఆర్గథ్ అనేవాడు వేస్తాడు. అతని లెక్కలో ఆమె మామూలు మనిషి, అంతే. డెలీటా అక్కడి నుంచి ఇంకో మనిషి అవుతాడు. చరిత్ర పుస్తకాలు అతన్ని వీరుడంటాయి, రామ్జాను మతద్రోహి అంటాయి. ఈ కథ చెప్పేది కొన్ని వందల ఏళ్ల తర్వాత పుట్టిన ఒక చరిత్రకారుడు. తన పూర్వీకుడు రాసిపెట్టిన కాగితాలను మతాధికారులు దాచేస్తే, అవి బయటపడ్డాక అసలు జరిగిందేమిటో చెబుతున్నాడు.

ఇదంతా అప్పుడు మాకు ఎంత అర్థమైందని? సగం కూడా కాలేదు. మా ఇంగ్లిష్ అంతంత మాత్రం. దానికితోడు ఆ 1998 అనువాదమే గతుకుల బాట. వృత్తిలోకి వచ్చాక తెలిసింది అది ఎంత తడబడిందో. ఆటలో డ్రాగన్ నోరు తెరిచి మంట ఊదుతుంది. తెర మీద ‘ఫైర్ బ్రేస్‌లెట్’ అని పడుతుంది. అగ్ని కంకణం! డ్రాగన్‌కు కంకణమేమిటని తమ్ముడు అడిగితే, అక్కను కదా, కంకణం కట్టుకుంటేనే మంట వస్తుందని చెప్పాను. అసలు సంగతి జపనీస్ లిపిలో ఉంది. ఇంగ్లిష్ నుంచి తెచ్చుకున్న ఊపిరి అనే మాటనూ, కంకణం అనే మాటనూ వాళ్లు ‘బురెసు’ అని ఒకేలా రాయవచ్చు. బొమ్మ చూడకుండా మాటల జాబితా మాత్రం ముందు పెట్టుకున్న అనువాదకుడు ఏం చేస్తాడు? నేను కూడా బొమ్మ లేకుండా సబ్‌టైటిల్స్ రాయాల్సి వచ్చిన రోజుల్లో ఆ కంకణమే గుర్తొచ్చేది.

2007లో పీఎస్‌పీ అనే చేతి యంత్రానికి ఈ ఆట ‘ది వార్ ఆఫ్ ద లయన్స్’ పేరుతో వచ్చినప్పుడు ఇంగ్లిష్ అంతా తిరగరాశారు. షేక్‌స్పియర్ నాటకం చదువుతున్నట్టుండే భాష. 2011లో అదే ఐఫోన్‌కూ వచ్చింది. మరుసటి సంవత్సరం తమ్ముడి ఫోన్‌లో ఆ ఆటను మొదటిసారి రంగుల్లో చూశాను. నీలం గడులు, ఎర్ర గడులు. డ్రాగన్ ఊపిరి ఊపిరిగానే ఉంది. ఆట మాత్రం నేను ఆడలేదు. ఎందుకో చెప్పాలంటే రియోవానెస్ కోట గురించి చెప్పాలి.

మూడో అధ్యాయం చివర ఆ కోటలో వరసగా యుద్ధాలుంటాయి. మొదటిది గెలవగానే సేవ్ చేసుకోమంటుంది. చేసుకున్నాక తర్వాతి యుద్ధంలో రామ్జా ఒక్కడే వీగ్రాఫ్ అనే మహాయోధుడి ఎదురుగా నిలబడతాడు. సాయానికి ఎవరూ రారు. బలం చాలదు, తిరిగి వెళ్లి పెంచుకుందామంటే దారి లేదు. మా దగ్గర ఉన్నది ఒక్క మెమరీ కార్డు, అందులో ఈ ఆటకు వాడింది ఒక్క గది. పాత సేవ్ మీదే కొత్తది రాసేశాం. 2000 దసరా సెలవులన్నీ వీగ్రాఫ్ చేతిలో చచ్చాం. నెగ్గుతున్నామనుకున్న ఒకే ఒక్కసారి కరెంటు పోయింది. తర్వాత ఆ పెట్టె అటకెక్కింది.

ఇప్పుడు కొత్త దాని సంగతి. దర్శకుడు కజుతోయో మయెహిరో. మొదటి ఆటకు పనిచేసినవాళ్లలో ఒకడు. పని మొదలుపెట్టేసరికి పాత ఆట అసలు ప్రోగ్రామే కంపెనీ దగ్గర లేదు. ఆ రోజుల్లో ఇంకో భాషలోకి మార్చేటప్పుడు ముందున్న దాని మీదే రాసుకుంటూ పోయేవారట, విడిగా దాచేవారు కారు. మేం మెమరీ కార్డు మీద చేసిన పనే. కాబట్టి విడుదలైన ఆటనే ముందు పెట్టుకుని, అది ఎలా నడుస్తుందో చూసి కొత్తగా కట్టుకొచ్చారు. పోయిన కాగితాల కథ చెప్పే ఆటకే ఇలా జరిగిందని చదివినప్పుడు చాలాసేపు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

కొత్త ఆటలో రెండు రూపాలున్నాయి. ఒకటి పాత బొమ్మలతో, 2007 నాటి ఇంగ్లిష్‌తో ఉన్న క్లాసిక్. రెండోది మెరుగుపరిచినది. ఇందులో ఆటోసేవ్ ఉంది, ఎవరి వంతు ఎప్పుడో పక్కనే కనిపిస్తుంది, యుద్ధభూమిని నేరుగా పైనుంచి చూడవచ్చు, నెమ్మదిగా సాగేవాటిని వేగంగా నడపవచ్చు. ఇవన్నీ మంచివే. నాకు ముఖ్యం మాత్రం గొంతులు. కథా సన్నివేశాలన్నింటికీ నటులు మాట్లాడారు, మత్సునో మాటలను మళ్లీ సరిచూసి కొత్తవి చేర్చాడు. జపాన్ ఆర్థిక బుడగ పగిలిన రోజుల్లో రాసిన కథ ఇదనీ, సమాజంలో ఎక్కువ తక్కువలు ఇప్పటికీ పోలేదు కాబట్టి మళ్లీ ముందుకు తెస్తున్నాననీ ఆట ప్రకటించినప్పుడు ఆయన చెప్పాడు. చదివేటప్పుడు మన వేగం మనది. వినేటప్పుడు నటుడు ఆగిన చోట మనమూ ఆగాలి. జీక్‌డెన్ మంచులో డెలీటా చెల్లెల్ని పిలిచిన పిలుపు వినేదాకా, అంతకుముందు ఆ పేరును అక్షరాలుగానే చూశానని నాకు తెలియలేదు.

లోటు కూడా ఉంది. 2007లో చేర్చిన డార్క్ నైట్ లాంటి వృత్తులు, కొత్త పాత్రలు ఇందులో లేవు. కట్టిన గదిని కూల్చినట్టనిపించింది. ఆ ఆటను ప్రేమించిన వాళ్లకు అన్యాయమే అది. మన భాషల్లో ఏ ఒక్కటీ ఈ ఆటలో లేదన్నది నా సొంత బాధ. ఇంతటి కథను రాజంపేటలో ఏ పన్నెండేళ్ల పిల్లయినా తెలుగులో చదివే రోజు రావాలని మనసారా కోరుకుంటున్నాను. రాయమంటే రాయడానికి నేను సిద్ధం.

నవంబరులో ఒక రాత్రి రియోవానెస్ చేరాను. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ ఉదయం. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మొదటి యుద్ధం గెలిచాక తెర అడిగింది, మ్యాప్‌కు తిరిగి వెళతావా అని. ఇప్పుడు ఆ దారి పెట్టారు.

“అక్కా, వెనక్కి పో. ఇంకో రెండు లెవెల్స్ పెంచుకుని రా,” అన్నాడు.

“ఇరవై అయిదేళ్లు పెంచుకుని వచ్చాలేరా,” అన్నాను.

లోపలికి వెళ్లాను. రెండుసార్లు చచ్చాను. మూడోసారి రామ్జాను వీగ్రాఫ్‌కు దూరంగా మూలకు పరుగెత్తించి, కత్తి ఎత్తకుండా, వంతు వచ్చినప్పుడల్లా టెయిల్‌విండ్ అనే విద్యను తన మీదే వేసుకోమన్నాను. ఒక్కోసారికి వేగం ఒకటి పెరుగుతుంది. దెబ్బలు తింటూ, మందు తాగుతూ, వేగం పెంచుతూ. కాసేపటికి పక్కనున్న వరసలో వీగ్రాఫ్ పేరు ఒకసారి వచ్చేలోగా రామ్జా పేరు రెండుసార్లు వచ్చింది. తమ్ముడు ఫోన్‌లో ఊపిరి బిగబట్టాడు. అప్పుడు తిరగబడ్డాను.

వీగ్రాఫ్ పడ్డాడు. వెంటనే రాక్షసుడిగా లేచాడు, ఈసారి నా వాళ్లంతా నా పక్కన వచ్చి నిలబడ్డారు.

“వీళ్లు వస్తారని మనకు తెలీదు కదక్కా,” అన్నాడు తమ్ముడు. వాడికి ఆఫీసుకు టైమైంది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.