ఉమ్మడి చిప్పులో మూగబోయిన రేడియో

గోదావరి పాయ అయిన గౌతమి సముద్రంలో కలిసే చోటికి కొద్ది కిలోమీటర్ల ఎగువన ఉన్న యానాం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఆంధ్రప్రదేశ్. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను ఈ డెల్టాలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాం వీధులు నీట మునిగాయి. ఇలాంటి ఊళ్లో చేతిలోని ఫోన్ ఏమేమి వినగలదన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

తుపాను వస్తే ముందుగా పోయేది కరెంటు. బ్యాటరీలు అయిపోగానే సెల్ టవర్లు ఆగిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక విశాఖపట్నంలో రోజుల తరబడి ఫోన్లు సరిగా పనిచేయలేదు. ఎఫ్ఎం ప్రసారం అలా కాదు. ఒక్క ట్రాన్స్‌మీటర్ నిలబడితే చాలు, పదుల కిలోమీటర్ల మేర ఎంత మందైనా ఒకేసారి వినవచ్చు. మధ్యలో మరో టవర్ గానీ, డేటా గానీ అక్కర్లేదు.

ఆ రేడియో చాలా ఫోన్లలో ఇప్పటికే ఉంది. వైఫై, బ్లూటూత్, ఎఫ్ఎం గ్రాహకం, కొన్నిటిలో జీపీఎస్ కూడా ఒకే చిప్పులో అమరుస్తారు. ఖర్చు, చోటు రెండూ కలిసివస్తాయి. చిక్కల్లా పంపకంలోనే. బ్లూటూత్ మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే, వైఫై కూడా తరచుగా అదే పట్టీని వాడుతుంది. క్లాసిక్ బ్లూటూత్ 79 చానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ, వైఫై ఆక్రమించిన చానెళ్లను తప్పించుకుంటుంది.

ఇంతకన్నా కనిపించని ఇబ్బంది తీగల్లో ఉంది. చిప్పుకూ ప్రాసెసర్‌కూ మధ్య బ్లూటూత్, ఎఫ్ఎం, జీపీఎస్‌ల కోసం తరచుగా ఒకే సీరియల్ దారి ఉంటుంది. ఆ దారిని బ్లూటూత్ డ్రైవర్ (చిప్పును నడిపించే సాఫ్ట్‌వేర్) ఒక్కటే పట్టుకు కూర్చుంటే ఎఫ్ఎంకు చోటే లేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన వైలింక్ చిప్పుల కోసం రాసిన ఉమ్మడి రవాణా డ్రైవర్ 2010లో, ఆండ్రాయిడ్ ఫోన్లకు పునాది అయిన లినక్స్ కెర్నల్‌లో చేరింది. అది చేసే పని మన కాలువ లస్కరు పనే: వచ్చిన నీరు ఒకటే, ఏ తూముకు ఎంత వదలాలో అతను చూస్తాడు. డ్రైవర్ కూడా ప్రతి ప్యాకెట్‌లోని మొదటి బైటు చూసి, 1 నుంచి 4 వరకు అయితే బ్లూటూత్‌కు, 8 అయితే ఎఫ్ఎంకు, 9 అయితే జీపీఎస్‌కు అప్పగిస్తుంది. మొదటి వాడుకరి అడిగినప్పుడు చిప్పుకు కరెంటు ఇచ్చి ఫర్మ్‌వేర్ ఎక్కిస్తుంది. చివరి వాడుకరి వెళ్లాక ఆపేస్తుంది. బ్లూటూత్ కట్టేసినా రేడియో మాత్రం మోగుతూ ఉండాలంటే ఈ లెక్క తప్పకూడదు. చిన్న కోడే గానీ, ఎంతో ఆలోచించి రాసినది.

అయితే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2012లో ఫోన్ చిప్పుల వ్యాపారం నుంచి తప్పుకోవడం మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన చిప్పుల్లో ఎఫ్ఎం డ్రైవర్లు ఎక్కువగా తయారీదారుల సొంత కెర్నళ్లలోనే ఉండిపోయాయి, అందరూ వాడే ప్రధాన కెర్నల్‌లోకి రాలేదు. ఆండ్రాయిడ్‌లోనూ మామూలు యాప్‌లు ఎఫ్ఎం గ్రాహకాన్ని చేరుకోవడానికి అందరికీ ఒకటే అయిన దారి లేదు. కాబట్టి చిప్పులో రేడియో ఉన్నా, కంపెనీ డ్రైవర్ కలపకపోతే అది మూగదే. దీనికి యాంటెన్నా కష్టం తోడైంది. 100 మెగాహెర్ట్జ్ వద్ద తరంగం పొడవు 3 మీటర్లు. దానిలో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్ల తీగ కావాలి. ఇయర్‌ఫోన్ తీగే ఆ పని చేసేది. ఇయర్‌ఫోన్ గుచ్చే ఆ రంధ్రమే లేని ఫోన్లు పెరిగాయి.

సముద్రంలోకి దూరంగా వెళ్లిన పడవకు ఎఫ్ఎం కూడా అందదు. దానికోసం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ 2019 అక్టోబరులో జెమిని పరికరాన్ని ప్రవేశపెట్టింది. అది భారత ఉపగ్రహ దిక్సూచి వ్యవస్థ గగన్ ఉపగ్రహాల నుంచి హెచ్చరికలు అందుకుని, బ్లూటూత్ ద్వారా మత్స్యకారుడి ఫోన్‌కు పంపుతుంది. అక్కడా చివరి అంచె ఆ ఉమ్మడి చిప్పే. ఉపగ్రహం, పరికరం సవ్యంగా ఉన్నా ఫోన్‌లో బ్లూటూత్ డ్రైవర్ తడబడితే హెచ్చరిక తెర మీదికి రాదు. కొత్త సాఫ్ట్‌వేర్ రావడం ఆగిపోయిన పాత ఫోన్లే వేటకు వెళ్లే చేతుల్లో ఉండే అవకాశం ఎక్కువ గనుక, డ్రైవర్ల నిర్వహణ వాళ్లకే అందరికంటే అవసరం.

ఫోన్‌లో ఎఫ్ఎం గ్రాహకం ఉంటే దాన్ని మూసెయ్యకుండా పనిచేయించాలని, లేని ఫోన్లలో చేర్చాలని కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2023 ఏప్రిల్‌లో తయారీదారుల సంఘాలకు సూచించింది. విపత్తు వేళ రేడియో అవసరాన్నే అందుకు కారణంగా చూపింది. మంచి అడుగే, కానీ సూచన సూచనే. నా దృష్టిలో దాన్ని నిబంధనగా మార్చాలి. అమ్మే ప్రతి ఉమ్మడి చిప్పుకూ డ్రైవర్‌ను ప్రధాన కెర్నల్‌కు ఇవ్వాలన్న షరతును కూడా చేర్చాలి. కాకినాడ, రాజమహేంద్రవరం ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక విన్నపం: వైలింక్ ఉమ్మడి డ్రైవర్ కోడ్ బహిరంగంగానే ఉంది. చదవండి, మీ దగ్గరున్న పాత ఫోన్లలో రేడియో ఎక్కడ ఆగిపోయిందో వెతకండి. మన తీరానికి తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. అంతకుముందే ఈ పని మొదలుపెట్టండి.