వార్తకు కాపలాదారుడెవరు? – డిజిటల్ యుగములో మాధ్యమముల మార్పు

ఉపోద్ఘాతము

“పేపర్లో పడింది” అని ఎవరైనా అంటే, ఇక ఆ మాటకు తిరుగులేదని భావించిన కాలమును మనలో అనేకులు చూశాము. నేడు ఆ స్థానములో “వాట్సాప్‌లో వచ్చింది” అనే మాట వినబడుతున్నది. ఈ రెండు మాటలు ఒకేలా కనబడినా వాటి మధ్య పెద్ద తేడా ఉన్నది. మొదటి మాట వెనుక ఒక సంస్థ, ఒక సంపాదకుడు, ఒక చిరునామా ఉండేవి. రెండవ మాట వెనుక ఎవరున్నారో తరచుగా ఎవరికీ తెలియదు. డిజిటల్ సాంకేతికత, సామాజిక మాధ్యమములు వార్తా ప్రపంచములో తెచ్చిన మార్పులు అనేకము. వాటిలో మిక్కిలి ముఖ్యమైనదిగా మేము భావించే ఒక మార్పును ఈ వ్యాసములో పరిశీలిస్తాము. అదేమనగా, వార్తను పరీక్షించే బాధ్యత సంపాదకుని బల్లపై నుండి సామాన్య పాఠకుని చేతిలోనికి మారినది.

1. వెనుకటి పద్ధతి

1902లో మచిలీపట్నములో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసు నుండి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక, 1974లో విశాఖపట్నములో ప్రారంభమైన ఈనాడు – ఇవి వేర్వేరు కాలములకు, వేర్వేరు లక్ష్యములకు చెందిన పత్రికలు. అయినా పత్రికా కార్యాలయములలో వార్త నడిచే దారి ఇంచుమించు ఒక్కటే. విలేకరి వార్త వ్రాసి పంపుతాడు. ఉపసంపాదకుడు దానిని దిద్ది, అనుమానమున్నచోట మరల అడుగుతాడు. వేయాలో వద్దో సంపాదకుడు నిర్ణయిస్తాడు. తప్పు పడితే సవరణ వేసుకోవాలి, అవసరమైతే పరువునష్టము దావాకు కూడా జవాబు చెప్పుకోవాలి.

ఈ పద్ధతిలో లోపము లేదని మేము అనము. యజమానుల ఇష్టాయిష్టములు, ప్రకటనదారుల ఒత్తిడి, రాజకీయ మొగ్గు అందులో పనిచేసేవి. ఇప్పటికీ పనిచేస్తున్నాయి. పేదవాని గోడు అనేకసార్లు పత్రిక వరకు చేరకుండానే ఆగిపోయేది. అయినను, వార్త బయటికి వచ్చే ముందు ఒకరు ఆగి చూసే ఏర్పాటు అందులో ఉండేది.

2. తెరచుకున్న ద్వారము

మన దేశములో 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ సేవలు ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. తరువాత ఫేస్‌బుక్ 2004లో, యూట్యూబ్ 2005లో, ట్విట్టర్ 2006లో, వాట్సాప్ 2009లో మొదలయ్యాయి. వీటిలో ట్విట్టర్ పేరు 2023లో ఎక్స్‌గా మారినది. 2016లో జియో రాకతో మొబైల్ డేటా ధర బాగా పడిపోయినది. అంతవరకు కంప్యూటరు ముట్టనివారు కూడా నేరుగా సెల్‌ఫోనుతోనే ఈ లోకములోనికి ప్రవేశించారు.

దీనివలన కలిగిన మేలు చిన్నది కాదు. గల్ఫ్ దేశములలో జీతము అందక, తిరిగి రాలేక చిక్కుకొన్న తెలుగు కార్మికులు తమ కష్టమును సెల్‌ఫోనులో చెప్పి పంపిన వీడియోలు పలుమార్లు అధికారులను కదిలించాయి. వెనుకటి పద్ధతిలో వారి గొంతు వినబడాలంటే ఒక విలేకరి వారి యొద్దకు వెళ్ళవలసి ఉండేది.

అయితే పత్రికలు, టీవీ ఛానళ్ళు కూడా ఈ ప్రవాహములో పడ్డాయి. ప్రకటనల ఆదాయములో పెద్ద భాగము గూగుల్, మెటా వంటి సంస్థలకు మళ్ళినది. అందరికంటే ముందు చెప్పాలనే తొందరలో, నిజమా కాదా అని విచారించే సమయము తగ్గినది. ఎన్ని క్లిక్కులు వచ్చాయన్న లెక్క శీర్షికలను శాసిస్తున్నది.

3. అబద్ధమునకు వేగమెక్కువ

అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2006 నుండి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తలను పరిశీలించి, ఫలితములను 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఒక అబద్ధపు వార్తను ఇతరులు మరల పంచే అవకాశము నిజమైన వార్తకంటే 70 శాతము ఎక్కువని వారు కనుగొన్నారు. 1,500 మందికి చేరడానికి నిజమునకు అబద్ధముకంటే సుమారు ఆరు రెట్ల సమయము పట్టినది. దీనికి యంత్రములు కారణమా అని కూడా వారు చూశారు. ఆ తేడాకు ముఖ్య కారణము మనుష్యులేనని తేలినది. అబద్ధములో కొత్తదనము, ఆశ్చర్యము ఎక్కువ. ఆశ్చర్యము కలిగించిన మాటను మనము కడుపులో దాచుకోలేము.

4. 2018వ సంవత్సరము నేర్పిన పాఠము

ఈ వేగము ప్రాణములను ఎలా తీస్తుందో 2018లో మన దేశము చూసినది. మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు ఒక పిల్లవానిని ఎత్తుకుపోతున్నట్లు ఒక వీడియో ఊరూరా తిరిగినది. నిజానికి అది పాకిస్తానులోని కరాచీలో, పిల్లల భద్రతపై అవగాహన కొరకు నటించి తీసిన చిత్రము. ఆ సంగతి తెలిపే చివరి భాగమును ఎవరో కత్తిరించారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే ఇటువంటి వదంతులు వ్యాపించిన ఆ రోజులలోనే, జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో గుంపు చేతిలో ఐదుగురు చనిపోయారు. జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకే అనుమానింపబడి, హైదరాబాదుకు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణము కోల్పోయాడు. వారి కారు కంటే ముందుగా సందేశము తరువాతి గ్రామమునకు చేరినది. అక్కడ దారికి అడ్డము వేసి ఉంచారు.

అదే సంవత్సరము తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలోనూ ఇటువంటి వదంతులు వ్యాపించాయి. వేసవిలో ఆరుబయట పడుకొనే ప్రజలు తలుపులు మూసుకొని లోపల ఉండసాగారు. అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసు సిబ్బందిని, జానపద కళాకారులను గ్రామములకు పంపించారు. వారు డప్పు వాయించి, పాట కట్టి, ఫోనులో వచ్చినదంతా నిజము కాదని, అనుమానము వస్తే పోలీసులను అడగాలని చెప్పారు. ఆమె పరిధిలోని గ్రామములలో ఈ వదంతుల వలన ఒక్క ప్రాణము కూడా పోలేదు. ఫోనును ఎవరూ నిషేధించలేదు. ఆగి విచారించే అలవాటును మాత్రము గ్రామమునకు నేర్పించారు. పూర్వము సంపాదకుడు చేసిన పని అదే.

5. సాంకేతికత చేయగలిగినది

2018 జూలైలో వాట్సాప్ భారతదేశములో పెద్ద ప్రకటనలు ఇచ్చి, వదంతులను గుర్తించే విధమును ప్రజలకు వివరించినది. ఆ ప్రకటనలు వచ్చినది దినపత్రికలలోనే! ఫార్వర్డ్ చేసిన సందేశమునకు గుర్తు పెట్టడము, ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి విధించడము అప్పుడే మొదలైనది. 2020 ఏప్రిల్‌లో, అనేకసార్లు చేతులు మారిన సందేశమును ఒకేసారి ఒక్క చాట్‌కే పంపగలిగేలా చేశారు. ఇవి వేగమును తగ్గించగలవు గాని నిజమును తేల్చలేవు. వాట్సాప్ సందేశములు 2016 నుండి పూర్తిగా సంకేత భద్రతలో ఉన్నాయి గనుక పంపినవారు, అందుకొన్నవారు తప్ప మధ్యలో ఆ సంస్థ కూడా వాటిని చదవలేదు. అనగా అక్కడ కాపలాదారుడు పంపే మనిషి ఒక్కడే. కృత్రిమ మేధతో ఒకరి గొంతును, ముఖమును అచ్చముగా సృష్టించగలిగే ఈ రోజులలో “కళ్ళారా చూశాను” అనే సాక్ష్యము కూడా చాలదు.

ముగింపు

సంపాదకుని కుర్చీ నేడు ప్రతి ఇంటిలోను ఉన్నది. కనుక అతడు అడిగిన ప్రశ్నలను మనమూ అడగాలి. దీనిని మొదట చెప్పినవారెవరు? ఇది ఎప్పటిది, ఎక్కడిది? మరొకచోట దీనికి ఆధారమున్నదా? ఇది అబద్ధమైతే ఎవరికి హాని కలుగుతుంది? మనకు సందేశము పంపినవారు సాధారణముగా మన బంధువులో, స్నేహితులో, పెద్దలో అయి ఉంటారు. వారిపై మనకున్న నమ్మకమును, వారికి ఎక్కడి నుండో వచ్చిన మాటపై నమ్మకముగా మార్చుకొనకూడదు. జవాబు దొరకనప్పుడు పంపకుండా ఆగడము కూడా సంపాదకుని పనిలో ఒక భాగమే. అలా ఆగినవారు ఆ రోజు దారిలో ఒక్కరున్నా, బీదర్ జిల్లాలోని ఆ గ్రామమునకు సందేశము కారుకంటే ముందుగా చేరి ఉండేది కాదేమో.