నిరాడంబర ఆరాధనా గృహం: క్వేకర్ల సమావేశ మందిరం

ప్రార్థనా మందిరమనగానే మనకు గోపురమో, మినారో, గంటల మేడో స్మృతికి వస్తుంది. వీటన్నింటినీ బుద్ధిపూర్వకంగా వదలుకొన్న ఆరాధనా గృహం క్వేకర్ల సమావేశ మందిరం. తమను ‘మిత్రులు’ అని పిలుచుకొనే ఈ సమాజానికి మూలపురుషుడు ఇంగ్లండు దేశీయుడైన జార్జి ఫాక్స్ (1624–1691). దైవజ్యోతి ప్రతి మానవునిలోను ఉన్నదనీ, దానిని దర్శించుటకు పురోహితుడు అక్కరలేదనీ ఆయన బోధ. చర్చి యనగా విశ్వాసుల సమూహమే గాని కట్టడం కాదని నమ్మినవాడు గనుక, చర్చి భవనాలను ‘శిఖరపుటిళ్లు’ అని ఎత్తిపొడిచేవాడు.

అందుచేత తొలినాళ్లలో వారు ఇళ్లలోను, ఆరుబయట కొండవాలులపైన సమావేశమయ్యేవారు. 1664 నాటి శాసనం ప్రకారం, ఇంటివారు గాక ఐదుగురికి మించి ఇట్టి ఆరాధనకు చేరడం నేరం. 1670 ఆగస్టులో లండన్‌లోని గ్రేస్‌చర్చ్ వీథి మందిరాన్ని సైనికులు మూసివేయగా, విలియం పెన్ వీథిలోనే నిలిచి ప్రసంగించాడు. ఆయనను దోషిగా ప్రకటించడానికి జ్యూరీ నిరాకరించింది. న్యాయాధికారులు ఆగ్రహించి జ్యూరీ సభ్యులనే చెరలో పెట్టారు! ఇచ్చిన తీర్పు కారణంగా జ్యూరీని శిక్షించరాదన్న న్యాయసూత్రం ఆ వ్యాజ్యం నుండే స్థిరపడింది.

అంతటి నిర్బంధంలోనే, అదే 1670లో, హెర్ట్‌ఫర్డ్‌లో మందిరం వెలసింది. 1675లో బ్రిగ్‌ఫ్లాట్స్, 1688లో జోర్డాన్స్ మందిరాలు వచ్చాయి. 1689 నాటి సహన శాసనం తరువాత ఇట్టి నిర్మాణాలకు అడ్డు తొలగింది.

వెలుపలి నుండి చూచినవారికి ఈ కట్టడం ఒక రైతు ఇల్లువలె కనిపిస్తుంది. లోపల సున్నపు గోడలు, చెక్క బల్లలు, రంగులేని అద్దాల కిటికీలు. బలిపీఠం లేదు, విగ్రహం లేదు, కొవ్వొత్తులు లేవు. అందరూ మౌనంగా కూర్చుంటారు. అంతఃప్రేరణ కలిగినవారు, స్త్రీయైనా పురుషుడైనా, లేచి మాట్లాడుతారు. మన పల్లెలలోని చిన్న మసీదులోను విగ్రహం ఉండదు. కాని మిహ్రాబు ఖిబ్లాను సూచిస్తుంది, వరుసలన్నీ ఆ వైపే తిరిగి ఉంటాయి. ఇక్కడ అట్టి నియమిత దిశ లేదు. బల్లలు ఎదురెదురుగా ఉండి, మనిషికి మనిషి ముఖమే కనిపిస్తుంది. ఈ వ్యత్యాసం నాకు మిక్కిలి ఆలోచనీయంగా తోస్తుంది.

అయితే వారి సమానత్వం నిష్కళంకమని చెప్పలేము. పాత మందిరాలలో ఒక గోడ వెంబడి పెద్దల కోసం ఎత్తయిన బల్ల ఉండేది. స్త్రీ పురుషుల పరిపాలనా సమావేశాలు వేరుగా జరపడానికి, తీసి వేయదగిన చెక్క అడ్డుతెరలు చాలా చోట్ల అమర్చారు. దీనిని కేవలం వివక్షగా చూడడం తొందరపాటు. ఆ తెరకు ఆవల స్త్రీలు తమ వ్యవహారాలను తామే చక్కబెట్టుకొన్నారు. బీదల సహాయ కార్యక్రమాలు నిర్వహించారు. ఆ కాలంలో ఎన్ని సమాజాలు స్త్రీలకు ఆ మాత్రం అధికారమిచ్చాయి?

శ్మశానంలోను ఇదే నిరాడంబరత. సమాధులపై శిలాఫలకాలు కూడదని వారి పూర్వ నియమం. 1850లో మాత్రమే చిన్నవిగా, ఒకే తీరుగా ఉండే రాళ్లను అనుమతించారు. పెన్సిల్వేనియాను స్థాపించిన పెన్ 1718లో మరణించగా జోర్డాన్స్ మందిరం చెంతనే ఖననం చేశారు. 2005 మార్చిలో ఆ మందిరం అగ్నిప్రమాదానికి గురియై, పైకప్పు తీవ్రంగా దెబ్బతిన్నది. తరువాత దానిని పునరుద్ధరించారు. పెన్ పేరుగల రాయి ఆ మందిరం ఎదుట పచ్చికలో, ఇరుగుపొరుగు రాళ్ల వంటిదే, చిన్నదిగా నిలిచి ఉన్నది.